మెదడు రక్తనాళాల గోడల్లో అమైలాయిడ్: పేరుకోవడం నుంచి చిట్లడం దాకా

క్లుప్తంగా: వయసు పైబడిన కొందరిలో అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ మెదడు పైపొరలోని సన్నటి ధమనుల గోడల్లో పేరుకుంటుంది. గోడలోని కండర కణాలు నశించి నాళం బిరుసెక్కుతుంది, కొందరిలో చిట్లుతుంది. దీని పేరు సెరెబ్రల్ అమైలాయిడ్ యాంజియోపతి. బీపీ వల్ల వచ్చే రక్తస్రావంతో పోలిస్తే ఇది జరిగే చోటు వేరు, తిరగబెట్టే ముప్పు చాలా ఎక్కువ. రక్తం పలచబరిచే మందులు, అల్జీమర్స్‌కు ఈమధ్య వచ్చిన యాంటీబాడీ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఈ జబ్బు ఉందేమో చూసుకోవాల్సిన అవసరం అందుకే వచ్చింది.

ఒకే మాటకు రెండు జబ్బులు

‘మెదడులో నరం చిట్లింది’ అని మనం అంటాం. నిజానికి చిట్లేది రక్తనాళం. అంతకంటే తికమక పెట్టే మాట ఇంకొకటుంది: ‘మెదడులో రక్తం గడ్డకట్టింది’. నాళం లోపల గడ్డ అడ్డుపడి అవతలికి రక్తం అందకపోయినా ఇదే మాట. నాళం పగిలి బయటికొచ్చిన రక్తం మెదడులో ముద్దకట్టినా ఇదే మాట. మొదటిదానికి గడ్డను కరిగించే మందు, ఆ తర్వాత రక్తం పలచబరిచే మాత్రలు వైద్యం. రెండోదానికి అవే మందులు ప్రాణం మీదికి తెస్తాయి. కాబట్టి రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు డాక్టర్ని మొదట అడగాల్సిన సంగతి, గడ్డ నాళం లోపలా బయటా అని. బయట అయితే వెంటనే రెండో ప్రశ్న అడగాలి: మెదడులో లోతున ఉందా, పైపొర దగ్గరా? అమైలాయిడ్ యాంజియోపతి అనుమానం ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబుతోనే మొదలవుతుంది.

ఈ ప్రొటీన్ ఎక్కడిది

అమైలాయిడ్ బీటా బయటి నుంచి వచ్చిన విషమేమీ కాదు. మెదడు కణాల పొరలో ఏపీపీ అనే పెద్ద ప్రొటీన్ ఉంటుంది; దాని జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. బీటా సెక్రెటేజ్, గామా సెక్రెటేజ్ అనే రెండు ఎంజైములు ఆ ప్రొటీన్‌ను ఒకదాని తర్వాత ఒకటి కత్తిరిస్తే రాలే చిన్న ముక్కే అమైలాయిడ్ బీటా. ఇది ప్రతి మనిషి మెదడులోనూ రోజూ తయారవుతుంది, రోజూ తొలగిపోతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులు ఉంటాయి కాబట్టి వారిలో ఈ ముక్క ఎక్కువగా తయారవుతుంది. చిన్న వయసులోనే పేరుకోవడం మొదలవుతుంది.

ముక్క పొడవులో రెండు అమైనో ఆమ్లాల తేడా పెద్ద తేడానే తెస్తుంది. 42 అమైనో ఆమ్లాల రూపం జిగురెక్కువ. పుట్టిన చోటే, నాడీకణాల మధ్యే ఉండలు కట్టి అల్జీమర్స్‌లో కనిపించే ప్లాక్‌లు అవుతుంది. 40 అమైనో ఆమ్లాల రూపం కాస్త తేలిగ్గా కరుగుతుంది; ద్రవంతో పాటు రక్తనాళాల దాకా ప్రయాణించి అక్కడి గోడల్లో చిక్కుకుంటుంది. రెండు జబ్బులూ ఒకే ఇంటి నుంచి పుట్టినా ఒకటి నాడీకణాల చుట్టూ, ఇంకొకటి నాళాల గోడల్లో కాపురం పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. చరిత్రలో ఒక విశేషం ఇక్కడ చెప్పుకోవాలి. 1984లో జార్జ్ గ్లెనర్, కెయిన్ వాంగ్ ఈ ప్రొటీన్‌ను మొదటిసారి వేరుచేసింది ప్లాక్‌ల నుంచి కాదు, అల్జీమర్స్ రోగుల మెదడు పైపొరల రక్తనాళాల నుంచి. అల్జీమర్స్ పరిశోధన మొత్తానికి దారి చూపిన ప్రొటీన్ నాళాల గోడల్లో దొరికిందన్న సంగతి తర్వాత చాలాకాలం మరుగున పడిపోయింది.

మురుగు పోయే దారిలోనే పూడిక

మెదడు ఈ ముక్కలను వదిలించుకోవడానికి చాలా దారులు పెట్టుకుంది. నెప్రిలైసిన్ వంటి ఎంజైములు కొన్నింటిని తునకలు చేస్తాయి. ఎల్‌ఆర్‌పీ1 అనే వాహక ప్రొటీన్ కొన్నింటిని కేశనాళికల గోడ దాటించి రక్తంలోకి పంపుతుంది. మిగిలినవి ద్రవంతో పాటు ధమనుల వెంబడి బయటికి పోతాయి. ఈ చివరి దారి సరిగ్గా ఎలా పనిచేస్తుందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది: ద్రవం ధమని గోడ లోపలే, కండర కణాల మధ్య పొరల గుండా, రక్తం పారే దిశకు ఎదురుగా పోతుందని ఒక వాదం, ధమని చుట్టూ ఉన్న ఖాళీలోంచి పోతుందని ఇంకో వాదం. రెండింటిలోనూ ఒప్పుకునే సంగతి ఒకటుంది: ఆ ద్రవాన్ని నడిపించే బలం నాళం గోడ కదలికే. ధమని కండరాలు సుమారు పది సెకన్లకోసారి నెమ్మదిగా బిగిసి వదులవుతుంటాయి. ఆ పిండుడే పంపు.

జబ్బు తిరిగే విషవలయం ఇక్కడే ఉంది. ప్రొటీన్ చిక్కుకున్న కొద్దీ కండర కణాలు చనిపోతాయి. కండరం తగ్గితే పిండుడు తగ్గుతుంది. పిండుడు తగ్గితే ద్రవం కదలదు, ఇంకా ప్రొటీన్ చిక్కుకుంటుంది. పూడిక పడ్డ కాలవలో నీరు మందగించి, మందగించిన నీటిలో మళ్లీ పూడిక పడినట్టే. తయారీ ఏమాత్రం పెరగకపోయినా వయసుతో పాటు జబ్బు ముదరడానికి ఈ వలయం చాలు.

గోడ లోపల జరిగేది

ఆరోగ్యంగా ఉన్న సన్న ధమనిని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే మూడు పొరలు కనిపిస్తాయి. లోపల ఒక్క కణం మందంతో పలచటి అస్తరు, దాని చుట్టూ కండర కణాల వలయాలు, బయట పీచుతో అల్లిన తొడుగు. కాంగో రెడ్ అనే రంగు వేస్తే అమైలాయిడ్ ఉన్న చోట ఎర్రబడుతుంది. ఒకే దిశలో కంపించేలా చేసిన (పోలరైజ్డ్) కాంతిలో అదే చోటు పచ్చి ఆపిల్ రంగులో మెరుస్తుంది. జబ్బు తొలిదశలో ఈ మెరుపు కండర పొర బయటి అంచున, కణాల చుట్టూ సన్నటి గీతల్లా ఉంటుంది. కణాలు ఇంకా బతికే ఉంటాయి.

నడి దశకు వచ్చేసరికి కండర పొర స్థానంలో అమైలాయిడే నిండిపోతుంది. గోడ మందమవుతుంది, చూడ్డానికి గట్టిగా ఉంటుంది. మందం పెరిగింది కదా, బలం కూడా పెరిగిందనుకుంటే పొరపాటు. సాగి, ముడుచుకుని, ఒత్తిడిని తట్టుకునే శక్తి కండరానిది. అమైలాయిడ్‌కు అది లేదు. తీవ్ర దశలో మందమైన గోడ పొరలుగా విడిపోయి గొట్టంలో గొట్టం పెట్టినట్టు కనిపిస్తుంది. కొన్ని చోట్ల చిన్న బుడిపెల్లా ఉబ్బుతుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ అనే పీచు ప్రొటీన్ గోడలోకి ఊరి, అక్కడి కణజాలం కుళ్లినట్టు అవుతుంది. ఈ మూడు మెట్ల వర్గీకరణ 1991 నుంచి వాడుకలో ఉంది.

నాళం ఎక్కడ చిట్లుతుంది? అమైలాయిడ్ అత్యధికంగా ఉన్న చోటే అని చాలాకాలం అనుకున్నారు. మరణానంతరం సేకరించిన మెదళ్లలో చిన్న రక్తస్రావాలకు కారణమైన నాళాలను వరుస ముక్కలుగా కోసి చూస్తే వేరే చిత్రం కనిపించింది. సరిగ్గా చిట్లిన చోట అమైలాయిడ్ తక్కువగా, కొన్నిచోట్ల అసలే లేకుండా ఉంది. కండర కణాలు లేవు, ఫైబ్రిన్ ఉంది. అంటే నాళానికి ప్రొటీన్ కొంతకాలం ఆసరాగా ఉండి, అది కూడా ఊడిన చోట గోడ తెగుతోందన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, అమైలాయిడ్‌ను కడిగేసే మందులు రక్తస్రావం ఎందుకు తెస్తున్నాయో అర్థం చేసుకోవడం తేలిక.

పేరుకోవడం, చిట్లడం అనే రెండు మెట్లనూ జన్యువుల పాత్ర విడదీసి చూపిస్తుంది. ఏపీఓఈ అనే జన్యువు ఈ4 రూపం ఉన్నవారిలో నాళాల్లో ప్రొటీన్ ఎక్కువగా పేరుకుంటుంది. ఈ2 రూపం అల్జీమర్స్ నుంచి కొంత రక్షణ ఇస్తుంది. అయితే యాంజియోపతి ఉన్నవారిలో గోడ విడిపోవడం, ఫైబ్రిన్ చేరడం, చిట్లడం అదే ఈ2తో ముడిపడి ఉన్నాయి. పేరుకోవడం వేరు, తెగడం వేరు.

చిట్లక ముందే మొదలయ్యే నష్టం

రక్తస్రావం ఈ జబ్బులో చివరి అంకం. దానికి చాలా ఏళ్ల ముందే నాళం తన రోజువారీ పని మానేస్తుంది. మనం కళ్లతో ఏదైనా చూస్తున్నప్పుడు మెదడు వెనక భాగంలోని దృష్టి కేంద్రానికి రక్తం ఎక్కువగా కావాలి. అక్కడి ధమనులు క్షణాల్లో వెడల్పవుతాయి. వంశపారంపర్య యాంజియోపతి జన్యువు ఉన్నా ఇంకా ఏ లక్షణమూ లేనివారికి మిణుకుమనే చిత్రాలు చూపిస్తూ ఎంఆర్‌ఐ తీసినప్పుడు, ఆ స్పందన మందగించి, ఆలస్యంగా రావడం కనిపించింది.

స్పందన తగ్గిన నాళం కింద ఉన్న తెల్లపదార్థం (పైపొర కింద నాడీతంతువులుండే భాగం) ఏళ్ల తరబడి రక్తం చాలక దెబ్బతింటుంది. పైపొరలో ఆవగింజ కంటే చిన్న ప్రాంతాలు రక్తం అందక చచ్చిపోతాయి. ఆలోచన నెమ్మదించడం, పని వరుసగా చేయలేకపోవడం, నడకలో తడబాటు వీటి ఫలితాలు. వీటిని చాలామంది ‘పెద్దవయసు’ ఖాతాలో రాసేస్తారు. మొత్తంమీద మరణానంతర పరీక్షల సమీక్షల్లో సాధారణ వృద్ధుల్లో సుమారు 23 శాతం మందికి, అల్జీమర్స్ ఉన్నవారిలో సుమారు 48 శాతం మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి యాంజియోపతి కనిపించింది. వీరిలో చాలామందికి బతికుండగా పెద్ద రక్తస్రావం కాలేదు.

కాట్వైక్ కుటుంబాలు, ఐస్‌లాండ్ కుటుంబాలు

నెదర్లాండ్స్‌లో ఉత్తర సముద్ర తీరాన ఉన్న కాట్వైక్ ఊరి కొన్ని కుటుంబాల్లో నడివయసులోనే మెదడులో రక్తస్రావాలు తరతరాలుగా వస్తున్నాయి. 1990లో కారణం తేలింది. అమైలాయిడ్ బీటా 22వ స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు గ్లుటమైన్ వచ్చి చేరింది. ఒక్క రుణావేశం పోవడంతో ముక్కలు ఒకదానికొకటి తొందరగా అతుక్కుంటాయి. ఈ కుటుంబాల్లో మొదటి రక్తస్రావం ఎక్కువగా 50 ఏళ్లకు అటూ ఇటూ వస్తుంది. వీరిలో మతిమరుపు కూడా వస్తుంది. అయితే అల్జీమర్స్‌కు గుర్తయిన నాడీకణాల చిక్కుముళ్లు దాదాపు ఉండవు. నాళాలు చెడితే చాలు, జ్ఞాపకం చెడుతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం లేదు.

ఐస్‌లాండ్ కుటుంబాల్లో పేరుకునేది అసలు అమైలాయిడ్ బీటా కాదు. సిస్టాటిన్ సి అనే వేరే ప్రొటీన్. వారిలో చిట్లడం ఇరవై, ముప్పై ఏళ్లకే వస్తుంది. ప్రొటీన్ ఏదైనా, గోడలో చేరి కండరాన్ని చంపితే ఫలితం ఒకటేనని ఈ పోలిక చెబుతుంది.

ఇంకో అరుదైన దారి వైద్యం నుంచే వచ్చింది. శవాల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు బ్రిటన్‌లో 1985 వరకు పొట్టి పిల్లలకు ఇచ్చారు. శవాల నుంచి తీసిన మెదడు పొర ముక్కలను శస్త్రచికిత్సల్లో అతికించేవారు. వీటిలో ఉన్న అమైలాయిడ్ విత్తనాలు కొందరిలో దశాబ్దాల తర్వాత, ఇంకా చిన్న వయసులోనే, యాంజియోపతిగా బయటపడ్డాయి. మామూలు స్పర్శ వల్ల, కలిసి ఉండడం వల్ల, సేవ చేయడం వల్ల ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

బీపీ రక్తస్రావంతో తేడా

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లోనైనా, మరెక్కడైనా, మెదడు రక్తస్రావాలకు బీపీ పెద్ద కారణం. అది దెబ్బతీసేది లోతున, పెద్ద ధమని నుంచి నిటారుగా చీలే సన్న నాళాలను: బేసల్ గాంగ్లియా, థాలమస్, పాన్స్, చిన్నమెదడు లోపలి భాగం. అమైలాయిడ్ ఆ లోతు నాళాల జోలికి దాదాపు పోదు. దాని చోటు మెదడు పైపొర, ఆ పొరను కప్పి ఉంచే తొడుగులోని ధమనులు. వెనకవైపు, అంటే దృష్టి కేంద్రం ఉండే భాగంలో ఎక్కువ.

ముందు ముందు ఏమవుతుందన్నది కూడా వేరు. పలు అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో, యాంజియోపతి వల్ల రక్తస్రావమైనవారిలో ఏడాదికి సుమారు 7.4 శాతం మందికి మళ్లీ రక్తస్రావమైంది. ఇతర కారణాలవారిలో అది 1.1 శాతం. అలాగని బీపీని పట్టించుకోనక్కర్లేదని కాదు. గోడ బలహీనమైతే లోపలి ఒత్తిడి ఇంకా ఎక్కువ లెక్కకు వస్తుంది. ప్రోగ్రెస్ ట్రయల్‌లో పెరిండోప్రిల్ అనే బీపీ మందు ఆధారంగా బీపీ తగ్గించినవారిలో యాంజియోపతి రక్తస్రావాలు 77 శాతం తగ్గాయి. కేసుల సంఖ్య చిన్నదైనా దిశ స్పష్టం. రక్తస్రావం అయినవారికి 130/80 లోపు ఉంచడం ఇప్పటి లక్ష్యం. ఈ జబ్బులో ఇప్పటికిప్పుడు ఇంట్లో చేయగలిగిన, ఫలితం ఉన్న పని ఇదొక్కటే అనడం అతిశయోక్తి కాదు.

ఎంఆర్‌ఐలో ఏం వెతుకుతారు

సీటీ స్కాన్ పెద్ద రక్తస్రావాన్ని చూపిస్తుంది, పాత చిన్న మచ్చలను చూపదు. రక్తంలోని ఇనుము కణజాలంలో మిగిలిపోతుంది. ఆ ఇనుమును పట్టుకునే ఎస్‌డబ్ల్యూఐ లేదా టీ2 స్టార్ అనే ప్రత్యేక చిత్రాల వరుస ఎంఆర్‌ఐలో ఉండాలి. ఆ చిత్రాల్లో పాత సూక్ష్మ రక్తస్రావాలు 2 నుంచి 10 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రటి చుక్కల్లా ఉంటాయి. ఆ వరుస లేకుండా తీసిన ఎంఆర్‌ఐలో ‘రక్తస్రావ గుర్తులు లేవు’ అని రాసి ఉన్నా దానిని నమ్ముకోలేం. మెదడు ముడతల వెంట నల్లటి గీత కనిపిస్తే అది మెదడు ఉపరితలం మీద రక్తం కారిన పాత గుర్తు. ముందు ముందు పెద్ద రక్తస్రావం వచ్చే సూచనల్లో బలమైనది ఇదే.

ఈ జబ్బును గుర్తించడానికి వాడే, 2022లో సవరించిన బోస్టన్ ప్రమాణాలు 50 ఏళ్లు దాటినవారికి వర్తిస్తాయి. పైపొర ప్రాంతంలోనే రెండు లేదా అంతకంటే ఎక్కువ రక్తస్రావ గుర్తులుండి, లోతున ఏమీ లేకపోతే, వేరే కారణం దొరకకపోతే యాంజియోపతి ‘బహుశా ఉంది’ అంటారు. ఒక్క గుర్తే ఉన్నా, తెల్లపదార్థంలో పదికి మించి చిన్న మచ్చలు గానీ, ఒక పక్కన ఇరవైకి మించి వెడల్పైన నాళ పరిసర ఖాళీలు గానీ తోడైతే అదే నిర్ధారణకు వస్తారు. వెన్నులోంచి తీసిన ద్రవం కూడా ఒక దారి చూపుతుంది: అల్జీమర్స్‌లో ముఖ్యంగా 42 రూపం తగ్గుతుంది, యాంజియోపతిలో 40 రూపం కూడా తగ్గుతుంది. పూర్తి నిర్ధారణ మాత్రం కణజాలం చూశాకే.

మినీ స్ట్రోక్ అనిపించే తిమ్మిరి

వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలై, కొద్ది నిమిషాల్లో ముంజేతికి, భుజానికి, ఒక్కోసారి పెదవి అంచుకు పాకి, అరగంటలోపు పోతుంది. మళ్లీ కొన్ని రోజులకు అచ్చం అలాగే వస్తుంది. యాంజియోపతిలో ఇది తరచూ కనిపించే తీరు. మెదడు ఉపరితలం మీద కొద్దిగా కారిన రక్తం అక్కడి కణాలను రేపడం దీనికి కారణం. రక్తం అందక వచ్చే మినీ స్ట్రోక్‌లో లక్షణం ఒక్కసారిగా, మొత్తం చేయి మీద పడుతుంది, పాకదు. రెండూ ఒకటే అనుకుని ఎంఆర్‌ఐ లేకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి మొదలుపెడితే, కారుతున్న నాళానికి గడ్డకట్టే శక్తిని తగ్గించినట్టవుతుంది. పాకిందా, ఒక్కసారిగా వచ్చిందా అన్న చిన్న వివరం డాక్టరుకు చెప్పడం చాలా ముఖ్యం.

రక్తం పలచబరిచే మందుల దగ్గర తూకం

గుండెలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉండి, మెదడులో యాంజియోపతి కూడా ఉన్నవారి సమస్య అన్నిటికంటే కష్టం. మందు మానితే గుండెలోని గడ్డ మెదడుకు వెళ్లొచ్చు, వాడితే మెదడు నాళం చిట్లొచ్చు. ఎన్రిచ్-ఏఎఫ్ ట్రయల్‌లో పైపొర రక్తస్రావం అయినవారికి రక్తం పలచబరిచే ఎడోక్సాబాన్ ఇవ్వడం 2023లో ఆపేయాల్సి వచ్చింది, ముప్పు మరీ ఎక్కువగా కనిపించడంతో. అలాంటివారికి గుండె ఎడమ కర్ణికలోని చిన్న సంచిని పరికరంతో మూసేయడం ఒక దారి. దాని వల్ల జీవితాంతం మాత్ర వేసుకునే అవసరం తప్పుతుంది. ఒక్క ఆస్పిరిన్ విషయం కొంత వేరు. 2019లో వెలువడిన రీస్టార్ట్ ట్రయల్‌లో 537 మందిలో, రక్తస్రావం తర్వాత ఆస్పిరిన్ వంటి మందు మళ్లీ మొదలుపెట్టినా రక్తస్రావాలు పెరగలేదు. అందుకే గుండెలో స్టెంట్ ఉన్నవారు భయపడి తమంతట తాము ఆస్పిరిన్ మానేయకూడదు. కారణం లేకుండా ‘నివారణ కోసం’ రోజూ వేసుకునే ఆస్పిరిన్ మాత్రం ఈ జబ్బు ఉన్నవారు డాక్టర్‌తో మాట్లాడి ఆపాల్సిందే.

అమైలాయిడ్‌ను తీసేసే మందులతో చిక్కు

అల్జీమర్స్‌కు ఇచ్చే యాంటీబాడీ మందుల్లో, అమెరికాలో లెకానెమాబ్‌కు 2023 జూలైలో పూర్తి ఆమోదం, డొనానెమాబ్‌కు 2024 జూలైలో ఆమోదం వచ్చాయి. ఈ యాంటీబాడీలు ప్లాక్‌లకు అతుక్కుని వాటిని కరిగిస్తాయి. కరిగిన ప్రొటీన్ అదే మురుగుదారి పట్టి నాళాల గోడల్లో ఇంకా కిక్కిరుస్తుంది. యాంటీబాడీలు గోడలోని అమైలాయిడ్‌కు కూడా అతుక్కుని అక్కడ వాపు రేపుతాయి. ఆసరా కదిలిన గోడ నుంచి ద్రవం, రక్తం కారతాయి. 1,795 మందితో జరిగిన లెకానెమాబ్ ట్రయల్‌లో మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి మెదడులో ద్రవం చేరింది. డమ్మీ మందు తీసుకున్నవారిలో 1.7 శాతం. ఏపీఓఈ జన్యువు ఈ4 రూపం రెండు ప్రతులు ఉన్నవారిలో అది 32.6 శాతం. డొనానెమాబ్ ట్రయల్‌లో మొత్తంమీద 24 శాతం.

మందు లేకుండానే, శరీరం తనంతట తయారుచేసుకున్న యాంటీబాడీలతో ఇదే పరిస్థితి కొందరు యాంజియోపతి రోగుల్లో వస్తుంది. కొద్ది వారాల్లో తలనొప్పి, గందరగోళం, ఫిట్స్ వస్తాయి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్‌తో చాలామంది తేరుకుంటారు. అరుదైన ఆ జబ్బు, ఈ మందుల దుష్ప్రభావం లోపల ఒకటేనని నాడీవైద్యులు చూస్తున్నారు.

లెకానెమాబ్ మొదలుపెట్టే ముందు ఎంఆర్‌ఐలో నాలుగుకు మించి సూక్ష్మ రక్తస్రావాలున్నా, ఉపరితలం మీద నల్లటి గీత ఉన్నా ట్రయల్‌లో చేర్చుకోలేదు. మందు మొదట్లో రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తారు. 3, 5, 7, 14వ డోసులకు ముందు ఎంఆర్‌ఐ తీయాలి. ముప్పు ఎక్కువగా మొదటి నెలల్లోనే ఉంటుంది. ఆ కాలంలో కొత్తగా తలనొప్పి, మాట తడబాటు వస్తే తర్వాతి డోసు కోసం ఆగకుండా వెంటనే స్కాన్ తీయించాలి.

అమెరికాలో ఈ మందు తీసుకుంటున్న తల్లిదండ్రులున్న తెలుగు కుటుంబాలకు ఒక సంగతి ప్రత్యేకంగా అవసరం. ఈ మందు వాడుతున్న ఒక రోగికి పక్షవాతం లక్షణాలు రాగా అత్యవసర విభాగంలో గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ ఇచ్చారు. మెదడంతటా రక్తస్రావమై మరణం సంభవించింది. 2023లో వైద్య పత్రికలో ఈ కేసు వివరాలు వచ్చాయి. ద్రవం చేరడం కూడా పక్షవాతంలాగే కనిపించొచ్చు, కాబట్టి అత్యవసర వైద్యుడికి ఈ మందు సంగతి తెలియకపోతే పొరపాటుకు ఆస్కారం ఉంటుంది. మందు పేరు, చివరి డోసు తేదీ, చికిత్స చేస్తున్న డాక్టరు ఫోన్ నంబరు రాసిన కార్డు పర్సులో ఉండాలి. ఇండియాకు వచ్చినప్పుడు ఆ కార్డుతో పాటు చివరి ఎంఆర్‌ఐ చిత్రాలు, రిపోర్టు కూడా వెంట తెచ్చుకోవాలి.